కడపటివాడు చేరేదాకా

మా పెదనాయన పోయిన సంగతి పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. కోలారులో మా ఇంట్లో, కాలేజీలో పాఠం చెప్పడానికి బయలుదేరబోతూ జడ అల్లుకుంటున్నాను. "పాపా, మీ పెదనాయన పోయినాడమ్మా. నిద్దట్లోనే పోయినాడు. నువ్వు తొందరపడొద్దు, నిదానంగా రా," అంది. గొంతులో ఏడుపు లేదు. ఆయన సరుకు కోసం బంగారుపేట సంతకు పోయినాడని చెప్పినట్టే చెప్పింది. ఫోన్ పెట్టేసిందనుకున్నాను. పెట్టలేదు. కాసేపాగి, "రాత్రి నిన్నేందో అడిగినాడే, అది తెలిసిందా?" అంది.

"ఇంకా చూడలేదు పెద్దమ్మా."

"సరే. చూసుకోని రా."

ఆయన నన్ను అడిగింది ఒక సైకిల్ పందెం గురించి. ఫ్రాన్సు దేశంలో ఏటా జూలై నెలలో మూడు వారాలపాటు జరిగే పందెం అది. రోజుకొక ఊరినుంచి ఇంకొక ఊరికి, మైదానాలు దాటి, కొండలెక్కి దిగి, నూటికి పైగా మనుషులు తొక్కుకుంటూ పోతారు. అన్ని రోజులూ కలిపి ఎవరికి తక్కువ సమయం పడితే వాడు గెలిచినట్టు. ఆ గెలిచేవాడి సంగతి మా పెదనాయనకు ఎన్నడూ పట్టలేదు. ఆయన అడిగేది అందరికంటే వెనక వచ్చేవాడి గురించి. రోజూ మొదటివాడు చేరిన తర్వాత కొంత గడువు ఉంటుంది. ఆ లోపల చేరకపోతే మరునాడు తొక్కనివ్వరు. ఆ రాత్రి పెద్ద కొండల రోజు. ముందువాళ్ళు చేరగానే టీవీలో ప్రసారం ఆపేశారు, ఎప్పటిలాగే. పెదనాయన ఫోన్ చేశాడు.

"మనోడు చేరినాడా పాపా?"

"తెలీలేదు పెదనాయనా. పొద్దున చూసి చెప్తాను, పడుకో."

"సరే, పొద్దున చెప్పు," అన్నాడు. ఆయన నాతో అన్న చివరి మాట అదే.

ఇది చదివేవాళ్ళకు ఒక అనుమానం రావచ్చు. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ధాన్యం అంగడి పెట్టుకున్న మనిషికి ఫ్రాన్సు సైకిళ్ళతో ఏం పని అని. నాకూ ఆ అనుమానం చాలా ఏళ్ళు ఉండేది. పైగా మా పెదనాయనకు సైకిల్ తొక్కడం రాదు. చిన్నప్పుడు ఎవరో నేర్పబోతే ఒకసారి కింద పడ్డాడట. అంతటితో సరి. "రెండు చక్రాలమింద మనిషి ఎట్ల నిలబడతాడో నాకు ఇప్పుటికీ నమ్మకం లేదు," అనేవాడు.

గనులు సర్కారు చేతికి వచ్చిన కొత్తలో మా తాత రాబర్ట్‌సన్‌పేట బజారు చివర ఆ అంగడి పెట్టాడు. ముందర అంగడి, వెనక ఇల్లు. రాగులు, కందిబేడలు, చింతపండు, బెల్లం. గని షాఫ్టు దగ్గరినుంచి కూలీల ఇళ్ళ లైన్లకు పోయే దారి అంగడి ముందునుంచే పోతుంది. షిఫ్టు సైరన్ మోగాక కాసేపటికి సైకిళ్ళ గంటలు వినిపించేవి. మొదట గుంపులుగా, తర్వాత ఇద్దరు ముగ్గురుగా, ఆఖరుకు ఒంటరిగా.

బైరకూరులో మా నాన్నది చిల్లర అంగడి. అక్కడ పై చదువు లేదు కాబట్టి పి.యు.సి.కి నన్ను పెదనాయన ఇంట్లో పెట్టారు. వాళ్ళకు పిల్లలు లేరు. వచ్చిన మొదటి వారంలోనే ఒకటి గమనించాను. బజారులో మిగతా అంగళ్ళు మూసేసినా పెదనాయన తలుపు వేసేవాడు కాదు. తలుపు పైన రేకు టోపీ పెట్టుకున్న బల్బొకటి వెలుగుతూ ఉండేది. బేరం లేదు, మనుషుల్లేరు. ఆయన మాత్రం గోనెసంచి మీద కూర్చుని రాగులు అరచేతిలో నలుపుతూ దారి వంక చూసేవాడు. ఆఖరు సైకిల్ పోయాకే లేచేవాడు.

పెద్దమ్మను అడిగితే సంగతి చెప్పింది. గని లోపల రాయి పగిలితే పైన బజారంతా అదిరేది. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. అలాంటి రోజు బజారులో ఎవ్వరూ అంగడి మూయరు. దిగినవాళ్ళందరూ పైకి వచ్చారని కబురు అందేదాకా దీపాలు వెలుగుతూనే ఉండాలి. ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. బట్టలంగడి, బంగారంగడి, మా ధాన్యం అంగడి, అందరూ పాటించేవారు. మా పెదనాయన దాన్ని అదిరిన రోజులకే ఉంచకుండా అన్ని రోజులకూ చేశాడు.

"ఈ పొద్దు అదర్లేదు కదా పెదనాయనా," అన్నాను ఒక సాయంత్రం, తెలివిగా అడిగాననుకుని.

"అదిరేది మనకు చెప్పి అదురుతాదా?" అన్నాడు రాగుల మీదనుంచి చూపు తిప్పకుండా.

అంగడి మూశాక ఆయన టీవీ ముందు కూర్చునేవాడు. కేబుల్ వచ్చిన కొత్త. చేతికి ఏ చానల్ దొరికితే అది చూసే రోజులు. ఆ జూలైలో ఒక రోజు ఆటల చానల్‌లో ఆ పందెం కనిపించింది. సన్నటి కొండదారి, అటూ ఇటూ జనం. ఒక మనిషి ఒంటరిగా తొక్కుతున్నాడు. వాడి వెనక రెండు మోటారు సైకిళ్ళు, ఒక ఆంబులెన్సు, కార్లు, ఒక వ్యాను. అన్నీ వాడిని దాటకుండా మెల్లగా వస్తున్నాయి.

పెదనాయన ముందుకు వంగాడు. "చూడు పాపా, వీడే పెద్దోడు. మిగతా వోళ్ళందరూ ముందర పోయినారు. వీడికి ఎంత మర్యాద చూడు, అంత బలగం వెనకాల వస్తా ఉండాది."

మా ఊళ్ళలో ఉత్సవం జరిగితే ముందు తప్పెట్లు, వాటి వెనక కోలాటం, దివిటీలు, జనం, అన్నిటి వెనక దేవుడి పల్లకీ. ముందు పోయేవాళ్ళంతా దారి చేసేవాళ్ళే. వచ్చేవాడు ఆఖరున వస్తాడు. ఆయనకు తెలిసిన ఊరేగింపు అది. నాకు తెలిసిందీ అదే. ఇంగ్లీషు వ్యాఖ్యానం నాకు సగమే అర్థమయ్యేది. తల ఊపాను. ఆ విధంగా ఆ పందెంలో అందరికంటే వెనకబడిన మనిషిని మేమిద్దరం మహారాజు అనుకుని నాలుగైదు రోజులు మురిసిపోయాం.

అనుమానం నాకే వచ్చింది. అది నా స్వభావం. ఇప్పటికీ తలుపు తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తాను. టీవీలో రాసి చూపించే పేర్లలో మా మహారాజు పేరు ఎంత వెతికినా దొరకలేదు. ఒక రోజు మొత్తం వరుస కిందిదాకా చూపించారు. అడుగున దొరికింది.

ఎలా చెప్పాలో తెలియక రోజంతా సతమతమయ్యాను. ఆ సాయంత్రం చెప్పేశాను. "పెదనాయనా, వీడు పెద్దోడు కాదు. కడపటోడు. ఆ వెనక వచ్చే వ్యాను వీడికి మర్యాద చేసేదానికి కాదు. తొక్కలేక ఆగిపోయినవాళ్ళను ఎక్కించుకొనేదానికి."

ఆయన ఒళ్ళో చేటలో చెనక్కాయలున్నాయి. ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "కడపటోడే అనుకో," అన్నాడు. "ఇన్ని దినాలు మనోడు అనుకొంటిమి కదా. ఇప్పుడు కడపటోడని తెలిసినాక వదిలేసేదా?"

వంటింటి గడపలోనుంచి పెద్దమ్మ, "బాగుండాది. ఊళ్ళో వోళ్ళు గెలిచే గుర్రంమింద పందెం కాస్తారు. మా ఇంట్లో కుంటేదానికి గడ్డి వేస్తారు," అంది.

ఆ ఏడు మొదలు ప్రతి ఏడూ ఇదే. మనిషి మారేవాడు, కడపటితనం మారేది కాదు. ఎవరు అడుగున ఉంటే వాడు మా పెదనాయనకు "మనోడు". ఆ వ్యానుకు ఆయన పొరక బండి అని పేరు పెట్టాడు. మిగిలిందంతా ఊడ్చుకుపోతుంది కాబట్టి. అక్కడివాళ్ళు కూడా దాన్ని పొరక పేరుతోనే పిలుస్తారని నేను తర్వాత చదివి చెబితే, "మురికి యాడైనా ఒకటే, ఊడ్చేదీ ఒకటే," అన్నాడు.

పందెం ఆషాఢంలో పడడం ఆయనకు గొప్ప సౌకర్యం. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, చుట్టాల పిలుపులుండవు. "మనకోసరమే చూసి పెట్టినారు ముహూర్తం," అనేవాడు. పెద్ద పెద్ద కొండలు కనిపిస్తే మా ఊరి సైనైడ్ దిబ్బలతో పోల్చేవాడు. బంగారం తీసేసిన రాతిపిండి ఏళ్ళ తరబడి పోసి పోసి కొండలైన దిబ్బలవి. "మన దిబ్బ మాదిరే ఉండాది. కాస్త పెద్దది, అంతే." మంచు కప్పిన శిఖరాన్ని చూసి కూడా అదే మాట. కొండ ఎక్కడం మొదలైతే చెనక్కాయలు ఒలవడం ఆగిపోయేది. చట్నీకి ఎదురుచూస్తున్న పెద్దమ్మ, "మళ్ళీ కొండ వచ్చినట్టుండాదే," అనేది లోపల్నుంచే.

గనిలో పైకప్పు జారకుండా టింబరు దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైన ఒక పెద్దాయన రోజూ అంగడికి వచ్చేవాడు. తమిళాయన. పెదనాయనకు ఆయన టింబరాయన. దారిలోనుంచే కేకేసేవాడు. "ఎన్న శెట్టీ, నీ ఆళు, అదే మీ మనోడు, ఈ పొద్దు గూడా లాస్టా?"

"లాస్టే. వచ్చినాడు, అది చాలు."

"లాస్టులో వచ్చేదానికి ఫ్రాన్సుదాకా పోవల్లా? ఆ పని నేను ఈడ్నే చేసేవాణ్ణి. గని లోపల్నుంచి పైకొచ్చే కేజ్‌లో ఎప్పుడూ నేనే కడాన ఎక్కేది."

"అందుకే కదా నీకోసరం బల్బు వేసిపెట్టింది," అన్నాడు పెదనాయన. టింబరాయన నవ్వబోయి ఆగిపోయాడు. బెల్లం పొట్లం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన అన్నేళ్ళు ఆ బల్బు కిందనుంచే సైకిల్ మీద ఇంటికి పోయిన మనిషి. అది తన కోసమని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

తర్వాత గని మూతపడింది. సైరన్ ఆగింది. సైకిళ్ళూ ఆగాయి. ఇక బల్బు ఎవరికోసమని పెద్దమ్మ అడిగింది. పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయే పిల్లలు అప్పటికే మొదలయ్యారు. "సాయంత్రం రైలు దిగి వచ్చేవోళ్ళు ఉండారు కదా," అన్నాడు. దారి అదే, మనుషులు మారారు, బల్బు వెలుగుతూనే ఉంది. ఎన్నిసార్లు మార్చారో తెలియదు గాని, ఆ రేకు టోపీ మాత్రం మా తాత నాటిదే.

ఇవన్నీ రాస్తుంటే నాకు భయంగానే ఉంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చేయి తనంతట తానే మెత్తబడుతుంది. మా పెదనాయన అంత మెత్తటి మనిషేమీ కాదు. రాగుల్లో మట్టి కలిపి తెచ్చిన వాళ్ళను బజారంతా వినేలా తిట్టేవాడు. నేను సినిమాకు పోతానంటే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. జూలైలో ఇంటికి ఎవరైనా వస్తే ముఖం చిట్లించేవాడు. ఇవి కూడా ఆయనే.

అందరూ మెచ్చిన ఒక విజేత ఏళ్ళ తరబడి మందులు వాడి గెలిచాడని బయటపడిన ఏడు నేను చాలా కలత పడ్డాను. గెలుపులన్నీ లాగేసుకున్నారు. ఇన్నేళ్ళు మనం చూసిందంతా అబద్ధమేనా అని అడిగాను.

"మనోడు కాదు కదా," అన్నాడు పెదనాయన తాపీగా. "మందు తిని ఎవుడైనా కడపట వస్తాడా?"

"తినుంటే? తిన్నా గూడా కడపటే వచ్చుంటే?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "అయితే మరీ పాపం పాపా," అన్నాడు. పెద్దమ్మ వంటింట్లో నవ్వడం నాకు వినిపించింది.

ఇంకొక సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాసే హక్కు నాకు లేదు. నేను పిహెచ్.డి.లో చేరి చాలా ఏళ్ళు దాన్ని ముగించలేకపోయాను. రాసిందేదీ నాకే నమ్మకంగా అనిపించేది కాదు. ఒక అధ్యాయం రాసి, అది తప్పేమోనని కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. నాతో చేరినవాళ్ళంతా ముగించి ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇంట్లో, కాలేజీలో, ఎదురైన ప్రతివాళ్ళూ ఎప్పుడవుతుంది అని అడిగేవారు. పెదనాయన ఒక్కడే ఆ మాట అడగలేదు. ఆయన అడిగేది వేరే. "గడువు ఇంగా ఉండాదా పాపా?" ఉంది అంటే, "అయితే సరే," అని వేరే మాటలోకి పోయేవాడు.

ఒక జూలైలో ఇక మానేస్తానని చెప్పడానికే వాళ్ళింటికి పోయాను. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి పొడిగింపు నడుస్తోంది. టీవీలో కొండ ఎక్కుతున్నారు. ఆ రోజు మనోడు మిగతా అందరికీ దూరమై ఒంటరిగా తొక్కుతున్నాడు. సైకిల్ ముందుకు పోతోందో పక్కకు పోతోందో తెలియనంత మెల్లగా. వ్యాను వాడి వెనకే వస్తోంది. నేను చెప్పాల్సింది చెప్పాను. పెదనాయన తెరమీదనుంచి కళ్ళు తీయలేదు.

"బండెక్కేది నీ ఇష్టం," అన్నాడు. "ఎక్కితే తప్పేమీ లేదు. బండెక్కినోడు గూడా ఇంటికే పోతాడు. అయితే బండి వెనకాల్నే వస్తా ఉండాది కదా, యాడికీ పోదు. ఇంగొక మలుపు చూసి ఎక్కు."

అంతే అన్నాడు. చేటలోనుంచి గుప్పెడు చెనక్కాయలు తీసి నా ఒళ్ళో పోశాడు, ఒలవమని. ఆ రోజు టీవీ మామూలుగానే ముందువాళ్ళు చేరగానే ఆగిపోయింది. ప్రకటనలు మొదలయ్యాయి. పెదనాయన మాత్రం లేవలేదు. సబ్బు ప్రకటన, బైకు ప్రకటన, మళ్ళీ సబ్బు ప్రకటన. ఆయన తెర వంకే చూస్తూ కూర్చున్నాడు, ఆ ప్రకటనల వెనక ఎక్కడో ఆ మనిషి ఇంకా తొక్కుతూనే ఉన్నాడని తెలుసు గనక. నేనూ పక్కనే కూర్చున్నాను. నా గురించి కూడా ఆయన అన్నేళ్ళూ ఇలాగే కూర్చున్నాడని నాకు అప్పుడు తోచింది.

ఆ పొడిగింపు ముగియకముందే నా పని ముగిసింది. ఆ మాట వల్లే అయిందని చెప్పలేను. ఆ మాట లేకపోయినా అయ్యేదని కూడా చెప్పలేను.

ఇటీవల ఆయనకు చూపు బాగా తగ్గింది. చక్కెర జబ్బు. టీవీ ముందు కూర్చుంటే రంగులే తప్ప మనుషులు తెలిసేవారు కాదు. అందుకని నేను కోలారులో చూస్తూ ఫోన్లో చెప్పేదాన్ని. ఆయన వింటూ, అవతల పెద్దమ్మకు మళ్ళీ చెప్పేవాడు. "వాన పడతా ఉండాదంట." "మనోడు గొట్టంతో నీళ్ళు పోయించుకొన్నాడంట." పెద్దమ్మ విసుగ్గా ఊఁ కొట్టేది. ఈ ఏడు మనోడు పందెంలో మొదటిసారి దిగిన కుర్రవాడు. రెండో రోజే పడి మోచెయ్యి చీరుకుపోయి, కట్టు కట్టుకుని తొక్కుతున్నాడు. పెదనాయనకు వాడిమీద చాలా బెంగ. "కొండల్లోకి పోతే కష్టం పాపా," అనేవాడు వారం ముందునుంచే. ఆ కొండల రోజే ఆయనకు ఆఖరు రోజు.

ఆ పొద్దున కె.జి.ఎఫ్. బస్సులో ఫోన్ చేతిలో పెట్టుకుని చాలాసేపు తెరవలేదు. కుర్రవాడు గడువు దాటిపోయి ఉంటే ఏం చెప్పాలి? అడిగిన మనిషే లేడు కదా, ఏం చెబితే ఏముంది? అయినా అబద్ధం చెప్పలేనని తెలుసు. బంగారుపేట దాటాక చూశాను.

పెదనాయనను అంగడిలోనే పడుకోబెట్టారు, సంచులు పక్కకు జరిపి. బజారువాళ్ళందరూ వచ్చారు. టింబరాయన చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా. నేను పోయి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చుట్టూ మనుషులు ఏవేవో మాట్లాడుతున్నారు. ఆమె నా వైపు వంగి, మెల్లగా అడిగింది.

"చూస్తివా? వచ్చినాడా ఆ పిల్లోడు?"

"వచ్చినాడు పెద్దమ్మా. అందరికంటే కడపట. గడువు అయిపోతా ఉండంగా వచ్చినాడు."

ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుని, మోకాళ్ళమీద ముందుకు జరిగి, పెదనాయన చెవి దగ్గరకు వంగింది. ఆ పందేన్ని ఎన్నో జూలైలు వెక్కిరించిన మనిషి. "వచ్చినాడంట," అంది. "ఇంగ పడుకో."

గడపలో టింబరాయన ముఖం అటు తిప్పుకున్నాడు.

పందెం ఆఖరి రోజుకు పదిహేను రోజుల మైల ఇంకా తీరలేదు. చుట్టాలు ఇంట్లోనే ఉన్నారు. టీవీ పెడితే ఏమనుకుంటారో అని నేను సందేహిస్తూ ఉంటే పెద్దమ్మే వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. "పెట్టు," అంది. పెట్టాను. చక్రాలు మెరుస్తున్నాయి, పెద్ద నగరం, వెడల్పాటి వీధులు. ఎవరు గెలిచారో అరుస్తున్నారు. ముందువాళ్ళు చేరారు. చప్పట్లు కొట్టారు. ప్రసారం ఆగి ప్రకటన వచ్చింది. టీవీ ఆపుదామని లేచాను.

"కూర్చో," అంది పెద్దమ్మ. చేటలో చెనక్కాయలు ఆమె ఒళ్ళో ఉన్నాయి, చెయ్యి వాటిమీద ఆగి ఉంది. "ఇంగా రావల్ల కదా వాడు."

కూర్చున్నాను. తెరిచిన తలుపులోనుంచి అంగడి ముందు దారి కనిపిస్తోంది. రేకు టోపీ కింద బల్బు వెలుగుతోంది. రైలు దిగిన ఎవరో ఒక పిల్లవాడు, ఒంటరిగా, ఆ వెలుతురులోకి వచ్చి, దాటి, ఇంటివైపు పోయాడు.